కణానికి అందే కబురు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గం వారు నన్ను సైన్సు మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. బడి పంతులుకు పది నిమిషాలంటే హాజరు పిలవడానికే సరిపోవు. కనుక కొంచెం ఎక్కువైతే మన్నించవలసిందిగా మనవి. నేను ఎత్తుకున్న విషయం ఏమనగా, మన ఒంట్లోని కణం ఎవరి మాట విని బతుకుతుంది, ఎవరి మాట విని చస్తుంది అనేది. ఇది పెద్ద చదువులు చదివినోళ్ల ముచ్చట, మనకెందుకులే అనుకోవద్దు. మోకాళ్ల నొప్పులకని మీ ఇంట్ల గూట్లో దాచుకున్న చిన్న తెల్ల గోలీ ఉంటదే, అది కూడా ఈ ముచ్చటలోకే వస్తది. దాని దగ్గరికి పోవడానికి కొంత దూరం నడవాలె.

ముందుగా మన కప్పలవాగు దగ్గరికి పోదాం. వానాకాలంలో నీళ్లు నిలిచిన గుంటల్లో నల్లగా, తోకతో ఈదే కప్పపిల్లలను మీరంతా చూసినవారే. కొన్ని వారాలు గడిస్తే వాటికి కాళ్లు మొలుస్తాయి, తోక పోతుంది. ఆ తోక ఎక్కడికి పోయింది? తెగి నీళ్లలో పడలేదు, కుళ్లి ఊడిపోలేదు. తోకలోని ఒక్కొక్క కణం వరుసగా, పద్ధతిగా చనిపోయింది. దానిలోని సరుకు మళ్లీ ఆ కప్ప ఒంటికే ఖర్చయింది. ఈ పని చేయించేది మెడ దగ్గరి థైరాయిడ్ గ్రంథి నుంచి వచ్చే రసం, అంటే హార్మోను. 1912లో గూడర్నాష్ అనే శాస్త్రజ్ఞుడు కప్పపిల్లలకు థైరాయిడ్ గ్రంథిని మేతగా వేసి చూశాడు. అవి పెరగవలసినంత పెరగకముందే కాళ్లు తెచ్చుకుని, తోకలు పోగొట్టుకుని, చిన్న చిన్న కప్పలైపోయాయి.

ఇందులో నాకు ఎప్పుడూ వింతగా తోచే సంగతి ఒకటుంది. రక్తంలో పారే రసం ఒక్కటే. అదే రసం కాలి దగ్గరి కణానికి అందితే "పెరుగు" అంటుంది, తోకలోని కణానికి అందితే "చాలించు" అంటుంది. కబురు ఒక్కటైనా విన్నవారిని బట్టి అర్థం మారింది. కబురును వినే ఆ చెవినే శాస్త్రంలో గ్రాహకం అంటారు, ఇంగ్లీషు వాళ్లు రిసెప్టర్ అంటారు. ఉర్దూ మీడియం పిల్లలకు కణం అంటే ఖలియా. ప్రతి ఖలియాకూ వేల సంఖ్యలో ఇలాంటి చెవులున్నాయి. కొన్ని కణం పైపొరలో నాటుకుని ఉంటాయి: సగం బయటికి, సగం లోపలికి, గోడకు కొట్టిన మేకు మాదిరి. బయటి కొనను కబురు పట్టుకోగానే లోపలి కొన కదులుతుంది, అక్కడి నుంచి ఒకదానినొకటి తట్టి లేపుకుంటూ వార్త కణం నడుమకు చేరుతుంది. మరికొన్ని చెవులు కణం లోపలే ఉంటాయి. థైరాయిడ్ రసానిది అలాంటి లోపలి చెవి.

కణం ఇట్లా పద్ధతిగా చనిపోవడానికి 1972లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు వైద్య శాస్త్రజ్ఞులు ఒక పేరు పెట్టారు, అపోప్టోసిస్ అని. గ్రీకు భాషలో చెట్టు నుంచి ఆకు రాలడం, పువ్వు నుంచి రేకు రాలడం అని దాని అర్థమట. బీడీలకు తునికాకు కత్తిరించే చేతులున్న మన ఊళ్లలో ఆకు సంగతి ఎవరికీ చెప్పనక్కర లేదు. గాలివానకు కొమ్మ విరిగి పడితే ఆకులు పచ్చివే వాడిపోతాయి, అది ప్రమాదం. ఎండాకాలం ముందు ఆకు పండి రాలేది వేరు. దానికి చెట్టే ఏర్పాటు చేస్తుంది, తొడిమ దగ్గర ఒక సన్నని పొర తయారుచేసి, ఆకును విడిచిపెడుతుంది. కాలిన గాయంలో, దెబ్బ తగిలిన చోట కణాలు పగిలి చస్తాయి. లోపలి సరుకు బయట పడుతుంది, చుట్టూ వాపు, మంట, ఎరుపు. కానీ ఆదేశం మీద చనిపోయే కణం ముడుచుకుంటుంది, తన సామాను తానే చిన్న చిన్న మూటలుగా కట్టుకుంటుంది, పక్కనున్న కణాలు ఆ మూటలను మింగివేస్తాయి. వాపు లేదు, నొప్పి లేదు. మీరు ఇక్కడ కూర్చుని నా మాట వింటుండగానే మీ ఒంట్లో లక్షల కణాలు ఈ విధంగా వెళ్లిపోతున్నాయి, రోజుకు వేల కోట్లు. తల్లి కడుపులో బిడ్డ చేతివేళ్లు మొదట పలక మాదిరి కలిసే ఉంటాయి. నడుమనున్న కణాలు చనిపోతేనే అయిదు వేళ్లు విడివడతాయి. మనం కలం పట్టుకోగలుగుతున్నామంటే పుట్టకముందే కొన్ని కణాలు దారి ఇచ్చినందుకే.

సరే, చావు కబురు ఉన్నది. మరి బతుకుకు కబురు అవసరమా? పుట్టిన కణం ఊరికే బతుకుతుంది గదా అని చాలాకాలం అందరూ అనుకున్నారు. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో రీటా లేవీ మోంటల్చీని అనే యువతి వైద్యురాలు ఉండేది. ఆమె యూదు కుటుంబంలో పుట్టింది. 1938లో అక్కడి ప్రభుత్వం జాతి చట్టాలు తెచ్చి యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టింది. ఆమె తన పడకగదిలోనే ఒక చిన్న ప్రయోగశాల పెట్టుకుని, కోడిగుడ్లలోని పిండాల మీద పరిశోధన సాగించింది. పిండంలో కాలు మొలిచే చోటును తీసివేస్తే, ఆ కాలికి పోవలసిన నరాల కణాలు పుట్టి కూడా చచ్చిపోతున్నాయని గమనించింది. అంటే కాలి వైపు నుంచి ఏదో ఒక కబురు రావాలి, అది రాకపోతే నరం బతకదు. తరువాత అమెరికా పోయి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. దానిని వేరుచేసి గుణం తేల్చిన స్టాన్లీ కోహెన్‌కు, ఆమెకు కలిపి 1986లో నోబెల్ బహుమానం వచ్చింది. మన నరాలలో ఎన్నో రకాలు అవసరమైనవాటికంటే ఎక్కువగానే పుడతాయి. కబురు అందినవి నిలుస్తాయి, అందనివి వెళ్లిపోతాయి.

బోధన్ వైపు వాళ్లకు ఒక పోలిక చెప్తాను. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కార్మికుని దినం సైరన్ మీద నడిచేది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎన్ని ఇండ్లకు తాళాలు పడ్డాయో, ఎంతమంది వలస పోయారో మీకు తెలుసు. వారిని ఎవరూ వెళ్లిపొమ్మనలేదు, రమ్మనే కూత ఆగిపోయిందంతే. కణం కూడా అట్లాంటిదే. "నువ్వు మాకు కావాలె" అని చుట్టుపక్కల కణాల నుంచి కబురు వస్తున్నంత కాలమే దాని లోపలి చావు యంత్రం తాళం వేసి ఉంటుంది. కబురు ఆగితే తాళం దానంతట అదే తెరుచుకుంటుంది. ఆ యంత్రంలో కోత పనిచేసే ప్రోటీన్లను కాస్పేజులంటారు. కత్తెరలనుకోండి. ఆ కత్తెరలు పుట్టుక నుంచీ ప్రతి కణంలోనూ మూసిపెట్టి ఉంటాయి.

క్యాన్సరు అంటే ఏమిటో ఇక్కడ అర్థమవుతుంది. క్యాన్సరు కణానికి చాలాసార్లు చావు చెవి చెవిటిదవుతుంది, లేదా బతుకు చెవి ఎవరూ పిలవకుండానే మోగుతూ ఉంటుంది. రొమ్ము క్యాన్సర్లలో వందకు 15 నుంచి 20 వాటిలో హెర్‌ టూ అనే పెరుగుదల గ్రాహకం కణం మీద మితిమీరి మొలుస్తుంది. ఆ చెవిని పోయి మూసే మందు ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చింది. ఒకప్పుడు ఆ రకం క్యాన్సరు అన్నిటికంటే చెడ్డదని పేరు, ఇప్పుడు మందున్న రకం అయింది. అందుకని అమ్మలకు, అక్కచెల్లెళ్లకు చెప్పేదేమనగా, రొమ్ములో గడ్డ తగిలితే సిగ్గుపడి ఆర్నెల్లు దాచిపెట్టవద్దు. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద 1955 నుంచి సర్కారు క్యాన్సరు దవాఖాన ఉన్నది. ముక్క పరీక్షలో ఏ గ్రాహకం ఉన్నది, ఏది లేదు అన్నది చూసిన తరువాతనే మందు నిర్ణయిస్తారు. ఆ కాగితం పోగొట్టుకోకూడదు, ఇంటి పట్టా దాచినట్టు దాచాలి.

ఇక చావు కబురు మోసే గ్రాహకాల సంగతి. కణం పైపొర మీద ఫాస్ అని ఒక గ్రాహకం ఉంటుంది. జపాను శాస్త్రజ్ఞుడు నగాటా 1991లో దాని జన్యువును పట్టుకున్నాడు. మన రక్షక కణాలు, అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం, చెడిపోయిన కణం దగ్గరికి పోయి దాని ఫాస్‌ను తట్టుతాయి. తట్టిన కాసేపటికే లోపలి కత్తెరలు విప్పుకుంటాయి. ఫాస్ లేకుండా పుట్టిన ఎలుకల్లో ఏమైందంటే, పని అయిపోయిన రక్షక కణాలు చావక, గ్రంథులు ఉబ్బి, సొంత ఒంటి మీదనే తిరగబడ్డాయి. యుద్ధం అయిపోయినాక సిపాయిలు ఇంటికి పోవాలె. పోకుంటే ఊరికే ముప్పు.

దీనికి పెద్దన్న లాంటిది టీఎన్‌ఎఫ్ అనే కబురు. 1975లో దానికి ఆ పేరు పెట్టారు, ఎలుకల్లో గడ్డలను మాడ్చివేసింది గనుక. ఇంకేం, క్యాన్సరుకు మందు దొరికిందని సంబరపడ్డారు. మనిషికి ఎక్కించి చూస్తే జ్వరం, బీపీ పడిపోవడం, ప్రాణం మీదికి రావడం. ఎందుకంటే టీఎన్‌ఎఫ్ గ్రాహకం రెండు నాలుకల మనిషి లాంటిది. కబురు అందగానే మొదట అది కణానికి "బతుకు, వాపు పుట్టించు, సాయం పిలువు" అని చెప్తుంది. ఆ మొదటి దారికి ఎక్కడైనా అడ్డం పడితే, క్రిమి వచ్చి అడ్డుకుంటే, అప్పుడు రెండో దారి పట్టి "చావు" అంటుంది. ఆ రెండో దారిలో కత్తెరలను కూడా క్రిమి కట్టేస్తే, మూడో దారి ఉన్నది: కణం పొరకు చిల్లులు పడి పగిలి చస్తుంది. ఒక్క తలుపు వెనక మూడు గదులు. బయట నుంచి చూసినవానికి ఏ గది తెరుచుకుంటదో తెలియదు.

క్షయరోగంలో ఈ టీఎన్‌ఎఫ్ చేసే మేలు చూడండి. ప్రపంచంలో నలుగురిలో ఒకరి ఒంట్లో టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు చేరి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలామందికి జబ్బు రాదు. రక్షక కణాలు ఆ క్రిమి చుట్టూ గోడ కట్టి కూర్చుంటాయి, ఆ గోడకు సున్నం మాదిరి పనిచేసేది టీఎన్‌ఎఫ్. కీళ్లవాతం ముదిరినవారికి టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఖరీదైన సూదులు 1998 నుంచి వచ్చాయి. నొప్పి, వాపు బాగా తగ్గాయి. కానీ 2001 కల్లా వాటిలో ఒకటి తీసుకున్నవారిలో పాత టీబీ మళ్లీ లేచిందని లెక్కలు బయటికి వచ్చాయి. గోడ సున్నం తీసేస్తే గోడ నిలుస్తదా? అందుకే నేడు ఆ సూది వేయకముందు టీబీ పరీక్ష తప్పనిసరిగా చేస్తారు. బీడీ పొగాకు దుమ్ములో, ఇరుకు గదుల్లో పది మంది కూర్చుని పనిచేసే మన ఇండ్లలో ఈ సంగతి గుర్తుండాలె.

ఇప్పుడు గూట్లో దాచిన గోలీ దగ్గరికి వస్తున్నాను. దాని అసలు పేరు డెక్సామెథసోన్, లేదా ప్రెడ్నిసోలోన్, లేదా బీటామెథసోన్. మన దగ్గర "స్టెరాయిడు" అంటారు, కొందరు పేరే చెప్పకుండా "నొప్పుల గోలీ" అని కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఇది కూడా ఒక కబురే. మన మూత్రపిండాల మీద టోపీ లాంటి గ్రంథులు ఉన్నాయి, అవి రోజూ ఇచ్చే సహజ కబురుకు ఇది నకలు, బలం అనేక రెట్లు ఎక్కువ. దీని చెవి కణం లోపల ఉంటుంది. కబురు అందగానే ఆ చెవి కణకేంద్రంలోకి పోయి జన్యువుల మీద కూర్చుంటుంది. లింఫోసైట్లు అనే రక్షక కణాలలో ఎన్నిటికో అది "చాలించు" అనే ఆదేశం. 1980లో వైలీ, మొదట చెప్పిన ముగ్గురిలో ఒకాయన, ఎలుక రక్షక కణాలకు స్టెరాయిడు తగిలించి, అవి తమ జన్యుపదార్థాన్ని ముక్కలుగా కోసుకుని చావడం చూపించాడు. వాపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి లేచి నడుస్తాడు. అబద్ధం కాదు. కానీ తగ్గింది జబ్బు కాదు, కాపలా.

అదే ఆదేశం ఒక చోట వరం అయింది. పిల్లలకు వచ్చే ఒక రకం రక్త క్యాన్సరులో పిచ్చిగా పెరిగేవి ఆ లింఫోసైట్ల పిల్లకణాలే. వాటికి ఈ చెవి ఇంకా పనిచేస్తూ ఉంటుంది గనుక స్టెరాయిడు ఇస్తే అవి రాలిపోతాయి. దానితోపాటు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మెథోట్రెక్సేట్ వంటి మందులూ కలిపి ఇస్తారు. అమెరికాలో మెంఫిస్ అనే నగరంలో సెయింట్ జూడ్ పిల్లల దవాఖాన ఉంది. 1962లో అది తెరిచిన నాడు ఈ జబ్బు పిల్లల్లో నూటికి నలుగురు బతికేవారు, నేడు అక్కడ నూటికి 94 మంది బతుకుతున్నారని ఆ దవాఖాన లెక్క. దాన్ని స్థాపించిన డానీ థామస్ లెబనాన్ నుంచి వలసపోయిన క్రైస్తవ అరబ్బుల బిడ్డ, సినిమా, టీవీ నటుడు. 1957లో ఆయన అమెరికాలోని అరబ్బు కుటుంబాలను కూడగట్టి చందాల సంఘం పెట్టాడు. ఈనాటికీ అక్కడ వైద్యానికి ఏ తల్లిదండ్రులకూ బిల్లు ఇవ్వరు. సొసైటీ చందా రసీదు బుక్కు తీసుకుని ఇంటింటికి తిరిగే మన పిల్లలకు ఈ సంగతి తెలిస్తే మంచిదని చెప్పాను.

ఆ దవాఖానలోనే మన కొత్తగూడెం ఆడబిడ్డ పనిచేస్తున్నది. కన్నెగంటి తిరుమలదేవి గారు. సింగరేణి బొగ్గు గనుల ఊరిలో పెరిగి, అక్కడి మహిళా కళాశాలలో రసాయన, జంతు, వృక్ష శాస్త్రాలు చదివి, ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేశారు. ఉస్మానియా అంటే మా ఉర్దూ మీడియం వాళ్లకు గుండె కొంచెం ఉప్పొంగుతుంది. 1918లో ఉర్దూ బోధనాభాషగా మొదలైన విశ్వవిద్యాలయం, సైన్సు మాటలకు ఉర్దూలో పేర్లు కట్టడానికి దారుల్ తర్జుమా అని ఒక శాఖనే పెట్టుకున్నది. ఆమె చదివే నాటికి అంతా ఇంగ్లీషే, అది వేరే సంగతి. పరిశోధన మొదలుపెట్టింది మనుషుల జబ్బుల మీద కాదు. పంటలకు పట్టే బూజు, ఆ బూజు విడిచే విషాల మీద. పసుపు, ధనియాలు, మిరియాలు, శొంఠిలో బూజు విషం ఎంత ఉందో పరీక్షించిన పత్రంలో ఆమె పేరు ఉన్నది, అది 2001లో అచ్చయింది. పసుపు ఉడికించి ఆరబెట్టే భీమ్‌గల్, ఆర్మూరు, బాల్కొండ రైతులకు ఇది దూరపు సంగతి కాదు. సరిగా ఆరని కొమ్ముకు బూజు పడుతుంది, బూజు విషం పొడిలోకి వస్తుంది. మొక్క తన శత్రువును ఎట్లా గుర్తుపడుతుందనే ప్రశ్న నుంచి, మనిషి కణం తన శత్రువును ఎట్లా గుర్తుపడుతుందనే ప్రశ్నకు ఆమె నడిచారు. 2007లో సెయింట్ జూడ్ చేరారు.

ఆమె పట్టుకున్నది కణం లోపలి కాపలాదారులను. పైపొరను దాటి దొంగ లోపలికి వచ్చేస్తే పట్టుకునే గ్రాహకాలు ఇవి. జడ్‌బీపీ వన్ అనే గ్రాహకం ఫ్లూ వైరసును పసిగట్టి కణానికి చావు ఆదేశం ఇస్తుందని 2016లో ఆమె బృందం చూపించింది. కణం చస్తే వైరసుకు ఇల్లు పోతుంది. ఇంటికి నిప్పంటితే పక్క ఇండ్లకు పాకకుండా నడుమ ఉన్న గుడిసె పీకేసినట్టు. అయితే అంతకుముందు కణం చావులో మూడు రకాలున్నాయని, ఒకదానికొకటి సంబంధం లేదని అనుకునేవారు. ఒకటి మెత్తగా ముడుచుకునేది, రెండోది పగిలేది, మూడోది పొరకు రంధ్రాలు పడి జ్వరం పుట్టించేది. ఈ మూడూ ఒకే చోట, ఒకే ఆదేశం కింద కలిసి నడవవచ్చునని ఆమె బృందం చెప్పి, 2019లో దానికి పానోప్టోసిస్ అని పేరు పెట్టింది. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపులో నుంచి చావు వస్తుంది కాబట్టి, వైద్యుడు మూయవలసింది తలుపును కాదు, ఆదేశమిచ్చే గ్రాహకాన్ని.

ఇక కోవిడ్. 2021 వేసవిలో మన కబరస్తాన్‌లో ఎన్ని కొత్త మట్టి దిబ్బలు లేచాయో నేను చెప్పవలసిన పని లేదు. నలభై దాటనివాళ్లు కూడా పోయారు. వైరసు వచ్చిన వారానికి, వైరసు తగ్గుముఖం పట్టే వేళకు, మనిషి ఎందుకు కూలిపోయాడు? తిరుమలదేవి గారి బృందం కోవిడ్ రోగుల రక్తంలో పెరిగిన కబుర్లను తీసుకుని ఒక్కొక్కటిగా కణాల మీద వేసి చూసింది. ఒంటరిగా ఏదీ పెద్దగా చంపలేదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండూ కలిసినప్పుడు మాత్రం కణాలు గుంపులుగా చచ్చాయి. చచ్చిన కణాలు పగిలి ఇంకా కబుర్లు విడుస్తాయి, వాటికి ఇంకా కణాలు చస్తాయి. ఒక పుకారుకు ఊరంతా పరుగెత్తినట్టు. వైరసు సోకిన ఎలుకలకు ఆ రెండింటినీ అడ్డుకునే మందు ఇస్తే చావులు తగ్గాయి. ఈ పత్రం 2021 జనవరిలో సెల్ అనే పత్రికలో అచ్చయింది. ఎలుక వేరు, మనిషి వేరు అని మీలో ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. తరువాత దవాఖానల్లో పడ్డ రోగులకు టీఎన్‌ఎఫ్‌ను మాత్రమే అడ్డుకునే సూది ఇచ్చి చూశారు. కోలుకునే రోజులు పెద్దగా తగ్గలేదు గానీ, ఇచ్చినవారిలో చావులు తక్కువగా కనబడ్డాయి. పూర్తి జవాబు ఇంకా రాలేదు.

అంతకుముందే, 2020 జూన్‌లో, ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ వారు నడిపిన పరీక్షలో మన చిన్న గోలీ, ఆ డెక్సామెథసోనే, ప్రాణాలు కాపాడింది. వెంటిలేటరు మీద ఉన్నవారిలో చావులు మూడో వంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో అయిదో వంతు తగ్గాయి. కానీ ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ కనబడలేదు, కొంత కీడే జరిగిందేమోనన్న అనుమానం కూడా వచ్చింది. ఇప్పటిదాకా చెప్పినదంతా ఈ ఒక్క లెక్కలో కనబడుతుంది. మొదటి వారంలో వైరసు కణాల్లో ఉన్నది, రక్షక కణాలు పనిలో ఉన్నాయి. అప్పుడు స్టెరాయిడు వేస్తే సిపాయిలకు "చాలించండి" అని చెప్పినట్టు. రెండో వారంలో వైరసు పోయి, సిపాయిలు ఊరి మీద పడ్డప్పుడు వేస్తే ఊరిని కాపాడినట్టు. గోలీ అదే, మోతాదు అదే, దినం మారింది. ఫోన్లలో తిరిగిన చీటీలు చూసి జ్వరం వచ్చిన మొదటి దినం నుంచే స్టెరాయిడు మింగినవాళ్లు మన దగ్గర ఎందరో. షుగరున్నవాళ్లకు షుగరు నాలుగు వందలు దాటింది, కొందరికి ముక్కులో, కంట్లో నల్ల ఫంగస్ పట్టింది. ఇచ్చినవారు చెడ్డవారని నేను అనను. రాత్రి పన్నెండు గంటలకు తలుపు తీసింది వాళ్లే. కానీ కబురు ఎప్పుడు పంపాలో తెలియకుండా కబురు పంపారు.

కోవిడ్ పోయింది, అలవాటు పోలేదు. దినమంతా నేల మీద కూర్చుని బీడీలు చుట్టే అమ్మలకు నడుము, మోకాళ్లు నొప్పులు నిజమే. వారం వారం సూది, నెల నెల పొట్లం. ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, చూసినవాళ్లు "ఒళ్లు చేసింది, బాగైంది" అంటారు. లోపల ఎముకలు గుల్లబారుతాయి, షుగరు మొదలవుతుంది, ఎప్పుడో నిద్రపోయిన టీబీ లేస్తుంది. పసుపు పాలు తాగితే ఇవన్నీ తగ్గుతాయని, క్యాన్సరు కూడా పోతుందని కొందరంటారు. నిజామాబాదులో 2025లో జాతీయ పసుపు బోర్డు వచ్చింది, మన పసుపుకు ధర రావాలని నేనూ దువా చేస్తాను. పసుపులోని కర్కుమిన్ గాజుగిన్నెలో పెంచిన క్యాన్సరు కణాలను చంపిన మాట నిజం, కానీ మింగితే పేగుల్లో నుంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ. కూరలో వేసుకోండి, మందు మానివేసి మాత్రం వేసుకోవద్దు.

ఒక హెచ్చరిక, దీన్ని అందరూ జాగ్రత్తగా వినాలి. నా మాట విని ఇంటికి పోయి రేపటి నుంచి ఆ గోలీ ఒక్కసారిగా ఆపివేయవద్దు. నెలల తరబడి బయటి నుంచి నకలు కబురు వస్తుంటే, ఒంట్లోని అసలు గ్రంథి ఇక నాతో పని లేదని నిద్రపోతుంది. హఠాత్తుగా గోలీ ఆపితే అసలు కబురూ లేదు, నకలు కబురూ లేదు. బీపీ పడిపోయి మనిషి సొమ్మసిల్లుతాడు, ప్రాణం పోవచ్చు కూడా. మెల్ల మెల్లగా, డాక్టరు చెప్పిన లెక్కలో తగ్గించుకోవాలి. ఆస్తమాకు, కీళ్లవాతానికి, కిడ్నీ జబ్బుకు పెద్ద డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడైతే అసలే ఆపవద్దు, అది అవసరం ఉండి ఇచ్చింది.

కార్యవర్గం వారికి నా విన్నపం. ఈసారి వైద్య శిబిరానికి వచ్చేవారిని, ఇంట్లో వాడుతున్న ప్రతి గోలీ పట్టీ, ప్రతి కాగితం పొట్లం వెంట తెమ్మని మసీదు మైకులో చెప్పించండి. పట్టీ మీద ఇంగ్లీషులో ఉన్న పేరు చదవడానికి మన తొమ్మిదో, పదో తరగతి ఆడపిల్లలను ఇద్దరిని బల్ల దగ్గర కూర్చోబెడతాను. డెక్సా, బీటా, ప్రెడ్ అనే అక్షరాలతో మొదలయ్యే పేరు కనబడితే ఒక చీటీ రాసి, ఎన్ని నెలల నుంచి వాడుతున్నారో రాసి, షుగరు, బీపీ చూసి, దగ్గు రెండు వారాలు దాటి ఉంటే తెమడ పరీక్షకు సర్కారు దవాఖానకు పంపిస్తాం. తెమడ పరీక్షకు అక్కడ పైసా తీసుకోరు. పేరు లేని పొట్లం తెచ్చినవారిని కూడా వెనక్కి పంపం, వారి పేర్లు విడిగా రాసి డాక్టరుగారికి ముందు చూపిస్తాం.

మగ్రిబ్‌కు ఇంకా పావుగంట ఉన్నది. ప్రశ్నలున్నవాళ్లు అడగండి, పరదా అవతల ఉన్నవాళ్లు చీటీ మీద రాసి పంపండి.